చలికాలం వేడినీళ్లు: గీజరా, రాడ్డా, గ్యాసా, సోలారా? ఏది ఎవరికి కుదురుతుంది

పోయిన జనవరిలో మా ఇంటి కరెంటు బిల్లు 214 యూనిట్లు వచ్చింది. మాది హైదరాబాద్ శివారులో రెండు గదుల అద్దె ఇల్లు, నలుగురం ఉంటాం, నవంబరు దాకా 150కి అటూఇటూ తిరుగుతూ, తెలంగాణలో 200 యూనిట్ల దాకా బిల్లు లేని గృహజ్యోతి పథకం కింద జీరో బిల్లు వస్తున్న మీటరు అది. దాటింది 14 యూనిట్లే, కానీ దాటిన 14కి మాత్రం కట్టి ఊరుకునే వీలు లేదు, మొత్తం 214కీ కట్టాలి. మొదటి 200కి 5.10 చొప్పున 1020, పై 14కి 7.70 చొప్పున 107.80, వెరసి 1127.80, మిగతా చార్జీలు వేరు. ఆ కాగితం పట్టుకుని గుమ్మంలోనే నిలబడిపోయాను. కొత్తగా ఏమీ కొనలేదు, చుట్టాలు రాలేదు, మారిందల్లా పొద్దున స్నానాలు.

ఆ తర్వాత నెలరోజులు మీటరు దగ్గర కూర్చుని లెక్కలు వేశాను కాబట్టి, "ఏ గీజరు కొంటే కరెంటు తక్కువ కాలుతుంది" అని ఎవరైనా అడిగితే ఇప్పుడు నేను చెప్పే మొదటి మాట ఒకటే. కొనే ముందు మీ పాత బిల్లులు తీయండి, మీ ఇంట్లో రోజూ ఎన్ని బకెట్ల వేడినీళ్లు వాడుతున్నారో లెక్కపెట్టండి. ఈ రెండూ తెలిస్తే ఏ వస్తువు కొనాలో దానంతట అదే తేలుతుంది, తెలియకపోతే ఎంత ఖరీదైనది కొన్నా బిల్లు తగ్గదు.

లీటరు నీళ్లను ఒక డిగ్రీ వేడి చేయడానికి దాదాపు 1.16 వాట్ అవర్ల కరెంటు కావాలి. చలికాలం పొద్దున ఆరింటికి ట్యాంకులో నీళ్లు 20 డిగ్రీల దగ్గర ఉంటాయి, ఒంటికి హాయిగా ఉండాలంటే 42 దాకా రావాలి, అంటే 22 డిగ్రీలు పెంచాలి. వెయ్యి వాట్ అవర్లు ఒక యూనిట్ కాబట్టి ఇరవై లీటర్ల బకెట్‌కి లెక్క వేస్తే అర యూనిట్. ఈ అర యూనిట్‌ని రాడ్డు పెట్టి కాచినా గీజరులో కాచినా తప్పించుకోలేం, ఎందుకంటే కరెంటుతో నేరుగా కాచే ఏ వస్తువైనా తీసుకున్న కరెంటు మొత్తాన్నీ వేడిగానే మారుస్తుంది. "రాడ్డు తక్కువ తాగుతుంది, గీజరు ఎక్కువ తాగుతుంది" అన్న మాట చిన్నప్పటి నుంచి వింటున్నాం కదా, అది వస్తువు తప్పు కాదు. రాడ్డుతో ఒక్క బకెట్టే కాచుకుంటాం, గీజరు ఉంటే షవర్ కింద నిలబడతాం. మామూలు షవర్ నిమిషానికి ఎనిమిది లీటర్లు వదులుతుందనుకుంటే పది నిమిషాలకి 80 లీటర్లు, నాలుగు బకెట్లు, రెండు యూనిట్లు. నలుగురు బకెట్ స్నానం చేసే ఖర్చు ఒక్కరి షవర్‌కి పోతుంది. మా పెద్దాడు చేస్తున్నది సరిగ్గా అదే, పాపం వాడికి ఎవరూ చెప్పలేదు.

ఇక ఆ యూనిట్‌కి రేటు ఎంత అన్నది. చాలామంది బిల్లు మొత్తాన్ని యూనిట్లతో భాగించి "నాకు యూనిట్ అయిదు పడుతోంది" అనుకుంటారు, గీజరు విషయంలో అది పనికిరాదు. వేడినీళ్ల యూనిట్లు మామూలు వాడకం మీద పైన వచ్చి కూర్చుంటాయి కాబట్టి మీ బిల్లులో చివరి శ్లాబు రేటు ఏదో అదే వాటి ధర. తెలంగాణలో 2022 నుంచి నడుస్తున్న రేట్లు చూస్తే, నెలకు వంద దాటి 200 లోపు ఉన్నవాళ్లకి మొదటి వంద 3.40, రెండో వంద 4.80. దాటితే మొదటి 200కీ 5.10 అయిపోతుంది, ఆపైన 300 దాకా 7.70, 400 దాకా 9 రూపాయలు. సరిగ్గా 200 దగ్గర ఆగితే 820, 201 అయితే 1027 రూపాయల 70 పైసలు. ఒక్క యూనిట్‌కి రెండు వందలకు పైగా తేడా. ఇది గృహజ్యోతి లేనివాళ్ల సంగతి, ఉన్నవాళ్లకి ఆ ఒక్క యూనిట్ వెయ్యి రూపాయలకి పైమాటే. ఆంధ్రలో ఇలా ఒక్కసారి ఎగిరిపడే గొడవ లేదు, ఏ శ్లాబు యూనిట్‌కి ఆ శ్లాబు రేటే, కానీ 126 నుంచి 225 దాకా 6 రూపాయలు, అక్కడి నుంచి 400 దాకా 8.75 కాబట్టి ఇప్పటికే 220 వాడుతున్న ఇంట్లో నెలకు అరవై యూనిట్ల వేడినీళ్లు కలిస్తే అయిదు వందలకు పైగా పడుతుంది.

రాడ్డు గురించి ముందు చెబుతాను, ఎందుకంటే ఎక్కువమంది మొదలుపెట్టేది దానితోనే. బ్యాచిలర్ గదిలో ఒకరో ఇద్దరో ఉంటే, అద్దె ఇల్లు ఎప్పుడు మారతామో తెలియకపోతే, ఖర్చు పరంగా దాన్ని మించింది లేదు. కొన్ని వందలకు దొరుకుతుంది, 1500 వాట్లది బకెట్ నీళ్లని ఇరవై నిమిషాల్లో కాస్తుంది, మిగిలిపోయి చల్లారే నీళ్లంటూ ఉండవు. కానీ ఇంట్లో చిన్నపిల్లలు తిరుగుతుంటే, లేదా కళ్లు సరిగా కనపడని పెద్దవాళ్లు ఉంటే నేను వద్దనే అంటాను. మా అమ్మ వాడే రాడ్డు ఒకసారి తీసి చూశాను, బోరు నీళ్లకి చుట్టూ తెల్లగా పెచ్చుకట్టి చాక్‌పీసులా అయింది, కొక్కెం దగ్గర ప్లాస్టిక్ చిట్లి లోపలి వైరు కనిపిస్తోంది, ఆవిడ మాత్రం "నీళ్లు బాగానే కాగుతున్నాయిగా" అంటోంది. అలాంటిది కనిపిస్తే బాగుచేయించకండి, పారేయండి. ఐఎస్ఐ గుర్తు ఉన్నదే కొనండి, రాడ్డు మీద నీళ్లు ఎక్కడిదాకా ఉండాలో గీత ఉంటుంది, ముందు నీళ్లలో పెట్టి తర్వాతే స్విచ్చి వేయాలి, స్విచ్చి ఆపి ప్లగ్గు పీకాకే నీళ్లలో చెయ్యి పెట్టాలి, ఇనప బకెట్ అసలు వద్దు. ఇంకోటి, 1500 వాట్లంటే ఆరున్నర ఆంపియర్లు, మామూలు చిన్న ప్లగ్గు ఆరు ఆంపియర్లకే చేసింది, రోజూ ఇరవై నిమిషాలు లాగితే లోపల వేడెక్కి నల్లబడుతుంది. పెద్ద పవర్ ప్లగ్గులోనే పెట్టండి.

గీజరు అంటే రెండు రకాలు. మూడు లీటర్ల ఇన్‌స్టంట్‌ది 3000 వాట్లు లాగుతుంది, నీళ్లు వదిలినప్పుడే కాస్తుంది కాబట్టి నిలవ ఉండి చల్లారే నష్టం లేదు. చిక్కేమిటంటే గోరువెచ్చని నీళ్లు నిమిషానికి రెండు లీటర్ల చొప్పునే ఇవ్వగలదు, బకెట్ నిండటానికి తొమ్మిది పది నిమిషాలు పడుతుంది, కుళాయి ఎక్కువ తిప్పితే చల్లగా వస్తుంది. వంటింటి సింకుకి, ఒక్కరు ఇద్దరు ఉన్న ఇంటికి బాగుంటుంది. నలుగురు స్కూలు, ఆఫీసు హడావుడిలో ఉన్న ఇంట్లో పొద్దున్నే గొడవలు పెడుతుంది.

నిలవ గీజరులో 15 లీటర్లది చాలా ఇళ్లకి సరిపోతుంది, పదిహేనే కదా అనిపిస్తుంది కానీ 60 డిగ్రీలకి కాచి చన్నీళ్లు కలిపితే 27 లీటర్ల దాకా స్నానపు నీళ్లవుతాయి. వెంటవెంటనే ముగ్గురు చేయాలంటే 25 లీటర్లది తీసుకోండి. ఇక్కడ షాపులో అందరూ స్టార్లు చూపిస్తారు. స్టార్లు చెప్పేది కాగిన నీళ్లు లోపల ఊరికే ఉన్నప్పుడు ఎంత వేడి బయటికి పోతుందన్నది, నీళ్లు కాచడానికి ఎంత కాలుతుందన్నది కాదు. అంటే రోజంతా స్విచ్చి వేసి ఉంచే ఇంట్లో అయిదు స్టార్లది డబ్బు మిగులుస్తుంది, స్నానానికి ఇరవై నిమిషాల ముందు వేసి వెంటనే ఆపేసే ఇంట్లో తేడా చాలా తక్కువ. మీరు ఏ రకం మనిషో మీకు తెలుసు, మరిచిపోయే ఇల్లయితే స్టార్లకి పెట్టే డబ్బు దండగ కాదు.

స్టార్ల కన్నా ముఖ్యమైనది, ఎవరూ ముట్టుకోనిది, నీళ్లు ఎన్ని డిగ్రీల దాకా కాగి ఆగాలో పెట్టే థర్మోస్టాట్. 75కి పెట్టి ఉన్న 15 లీటర్ల గీజరు ఒకసారి పూర్తిగా కాగడానికి దాదాపు ఒక యూనిట్ తీసుకుంటుంది, 60కి పెడితే 0.7 చాలు. ఒక్కరు స్నానం చేసి ఆఫీసుకు వెళ్లిపోతే, ఆ ఒక యూనిట్‌లో వాడుకున్నది సగం, మిగతా సగం ట్యాంకులో సాయంత్రం దాకా మెల్లగా చల్లారుతుంది, రేపు మళ్లీ కాయాలి. మా గీజరుకి బయట తిప్పే మీట లేదు, అడుగున మూత ఉంది, ఎలక్ట్రీషియన్‌ని పిలిచి 55కి పెట్టించాను. బోరు నీళ్లున్న ఇళ్లకి దీనివల్ల ఇంకో లాభం కూడా ఉంది, నీళ్లు అరవై దాటి కాగేకొద్దీ సున్నం త్వరగా పేరుకుంటుంది. పేరుకున్న సున్నం వల్ల బిల్లు పెద్దగా పెరగదు, కాచే ఎలిమెంటు కాలిపోతుంది, ఖర్చు అక్కడ తగులుతుంది. ఏడాదికోసారి విప్పించి కడిగించండి, లోపల మెగ్నీషియం కడ్డీ ఉంటుంది, అది కరిగిపోయి ఉంటే మార్పించండి, ట్యాంకు తుప్పు పట్టకుండా కాపాడేది అదే.

గ్యాస్ గీజరు సంగతి. 14.2 కిలోల సిలిండరులో ఉన్న వేడి దాదాపు 180 యూనిట్ల కరెంటుతో సమానం, గీజరు దాంట్లో అయిదింట నాలుగు వంతులు నీళ్లకి ఇస్తుంది అనుకుంటే, సిలిండరు ధర తొమ్మిది వందల చుట్టూ ఉన్నప్పుడు బకెట్‌కి మూడు రూపాయల పైన పడుతుంది. కరెంటుతో అయితే 4.80 శ్లాబులో బకెట్‌కి రెండున్నర, 7.70లో నాలుగు, 9లో నాలుగున్నర. కాబట్టి 200 లోపు ఉన్నవాళ్లకి గ్యాస్ దండగ, 200 దాటి వాడేవాళ్లకి లాభం, అంత తేలికైన లెక్క. కానీ డబ్బు లెక్క కంటే ముందు ఇంకో లెక్క ఉంది. ఆ మంట గాలిలోని ఆక్సిజన్‌ని తినేసి, తలుపులు మూసిన చిన్న బాత్రూంలో కార్బన్ మోనాక్సైడ్ వదులుతుంది. దానికి వాసన ఉండదు, రంగు ఉండదు, కళ్లు మండవు, మనిషి కూర్చున్న చోటే కూలిపోతాడు. ప్రతి చలికాలం ఇలాంటి వార్త చదువుతూనే ఉంటాం. గ్యాస్ గీజరు పెట్టాలనుకుంటే బాత్రూం బయట, గాలి ఆడే బాల్కనీలో పెట్టండి, పైపు మాత్రమే లోపలికి రావాలి. అలా పెట్టే చోటు లేకపోతే ఆ ఆలోచనే మానుకోండి, వెంటిలేటర్ ఉందిలే, ఫ్యాన్ ఉందిలే అని సర్దుకోవద్దు.

సోలార్ మీద నాకు చాలా ఆశ ఉండేది. సొంత ఇల్లు ఉన్న మా బావగారికి పెట్టించమని నేనే వెంటపడ్డాను, తర్వాత కూర్చుని లెక్క వేస్తే అనుకున్నంత తేలిగ్గా లేదు. ట్యూబుల రకం 100 లీటర్లది ఇరవై వేల చుట్టుపక్కల ఉంటుంది, రాగి ప్లేటు రకం అంతకంటే ఎక్కువ. నలుగురి ఇంట్లో అది మిగిల్చేది నెలకు అరవై యూనిట్లు, 7.70 లెక్కన 460 రూపాయలు. మన దగ్గర గట్టిగా వేడినీళ్లు కావాల్సింది నాలుగు నెలలే అనుకుంటే ఏడాదికి 1850, పెట్టిన డబ్బు తిరిగి రావడానికి పదేళ్లు దాటుతుంది. అదే ఇంట్లో ముసలివాళ్లో పసిపిల్లలో ఉండి వానాకాలం, ఎండాకాలం పొద్దున కూడా గోరువెచ్చని నీళ్లే కావాలంటే నాలుగైదేళ్లలో వచ్చేస్తుంది. కాబట్టి అందరికీ మంచిదే అని ఒక్క మాటలో అనలేను. బోరు నీళ్లకి ట్యూబుల రకమే నయం, రాగి గొట్టాల్లో సున్నం పట్టి పూడుకుపోతాయి. కోతుల బెడద ఉన్న ఊళ్లో మాత్రం ట్యూబులు పగులుతాయి, ముందే ఆలోచించుకోండి. తెలంగాణలో చలికాలం ఆకాశం తేటగా ఉంటుంది, కోస్తాలో నవంబరు, డిసెంబరు తుఫాను మబ్బులకి వరసగా రోజుల తరబడి నీళ్లు కాగవు. అప్పుడు లోపలి బ్యాకప్ హీటరు వేస్తారు, అది 100 లీటర్లనూ కాస్తుంది, ఒక్క పూటకే నాలుగున్నర యూనిట్లు. ఆ స్విచ్చి ఆన్‌లో ఉందని తెలియక సోలార్ పెట్టాక బిల్లు పెరిగిందని వాపోయే ఇళ్లు ఉన్నాయి. మూడంతస్తుల కింద బాత్రూం ఉంటే పైపులో నిలిచిన చన్నీళ్లు నాలుగైదు లీటర్లు వచ్చాకే వేడివి వస్తాయి, ఆ నీళ్లని పారబోయకుండా బకెట్‌లో పట్టి అంట్లకి వాడుకోవచ్చు.

సొంత డాబా ఉన్నవాళ్లకి నేను ఇప్పుడు చెప్పేది వేరు. కేంద్ర ప్రభుత్వ పథకం పీఎం సూర్యఘర్ కింద కరెంటు ఇచ్చే ప్యానెళ్లు పెట్టించుకోండి, 3 కిలోవాట్లకి 78 వేల సబ్సిడీ ఉంది, ఎండ బాగుంటే రోజుకు పన్నెండు యూనిట్ల దాకా వస్తాయి, నెట్ మీటరు ఉంటే పగలు మనం కరెంటు లైనులోకి పోసిన యూనిట్లు పొద్దున గీజరుకి లెక్కలో పడతాయి. చలికాలం వేడినీళ్లకీ ఎండాకాలం ఏసీకీ రెండింటికీ పనికొస్తుంది, నీళ్ల సోలార్ ఏడాదిలో ఎనిమిది నెలలు ఊరికే ఎండలో నిలబడుతుంది. మా బావగారు చివరికి ఇదే చేశారు.

పల్లెటూళ్లో పెరట్లో చోటు, కట్టెలు, కొబ్బరి డొక్కలు ఉంటే రాగి బాయిలర్ ఇప్పటికీ గొప్పదే, మధ్యలో పొగగొట్టం ఉండి చుట్టూ నీళ్లు ఉంటాయి కాబట్టి మూడు రాళ్ల పొయ్యి మీద కాగుతో పోలిస్తే సగం కట్టెలు మిగులుతాయనిపిస్తుంది. పొగ బయటికి పోయేలా ఆరుబయటే పెట్టుకోండి. చుట్టూ ఉన్న గాలిలోంచి వేడిని లాగి నీళ్లకి ఇచ్చే హీట్ పంప్ గీజర్లు హాస్టళ్లకి, హోటళ్లకి లాభం, ఒక యూనిట్‌తో మూడు యూనిట్ల వేడి తెస్తాయి, మామూలు ఇంటికి వాటి ధర ఇంకా ఎక్కువే.

నీళ్ల సంగతి అలా ఉంచి, గది వెచ్చగా ఉండటం కూడా కొన్ని చోట్ల అవసరమే. హైదరాబాద్‌లో స్వెట్టరుతో గడిచిపోతుంది, కానీ ఆదిలాబాద్ వైపు, సిర్పూర్, కోహీర్, లంబసింగి, పాడేరు వైపు రాత్రులు వేరు. మా అమ్మ ఉండేది ఆదిలాబాద్ దగ్గరి పల్లెలో. రెండేళ్ల కింద ఆవిడకని బ్లోయర్ హీటరు కొనిచ్చాను, అది తప్పు చేశాను. 2000 వాట్ల హీటరు రాత్రి ఆరు గంటలు నడిస్తే 12 యూనిట్లు, నెలకు 360. ఆయిల్ హీటరు అయితే గది వేడెక్కాక ఆగుతూ వెలుగుతూ ఉంటుంది కాబట్టి కొంత తగ్గుతుంది, నిద్రకి అదే మేలు, కానీ "ఆయిల్ ఉంది కాబట్టి కరెంటు ఆదా" అన్న మాట నమ్మకండి, దానికీ యూనిట్‌కి యూనిట్ వేడే. హాలోజెన్‌ది గదిని కాదు, ఎదురుగా కూర్చున్న మనిషిని వెచ్చబెడుతుంది, పొద్దున పావుగంట పూజ దగ్గరో చదువు దగ్గరో వాడుకోవడానికి సరే, దుప్పట్ల పక్కన పెట్టుకుని పడుకోవద్దు. వేడి కూడా ఇచ్చే ఇన్వర్టర్ ఏసీ ఇప్పటికే ఉంటే పై హీటర్లన్నిటికంటే అదే చవక, మూడో వంతు కరెంటుతో పని అవుతుంది, కాకపోతే మన ఇళ్లలో ఉన్న ఏసీలు చాలావరకు చల్లదనమే ఇస్తాయి, రిమోట్‌లో హీట్ అన్న గుర్తు ఉందేమో చూసుకోండి. బొగ్గుల కుంపటి మాత్రం తలుపులేసిన గదిలోకి తేవద్దు, గ్యాస్ గీజరు గురించి చెప్పిన ఆ వాసన లేని విషమే అందులోంచీ వస్తుంది.

వీటన్నిటి బదులు పరుపు మీద పరిచే ఎలక్ట్రిక్ దుప్పటి ఉంది. వంద వాట్లు, పడుకునే ముందు గంటసేపు వేసి ఆపేస్తే రోజుకు 0.1 యూనిట్, నెలకు మూడు. మూడువందల అరవై ఎక్కడ, మూడు ఎక్కడ! గది వేడెక్కాలని పట్టుబట్టకుండా పక్క వేడెక్కితే చాలు అనుకోవడంలోనే ఆ తేడా అంతా ఉంది. దానంతట అదే ఆగిపోయే రకం కొనండి, మడత పెట్టి వాడొద్దు, షుగర్ వల్ల కాళ్లకి స్పర్శ తగ్గినవాళ్లయితే పక్క వెచ్చబడ్డాక ఆపేసి మాత్రమే పడుకోవాలి. సాయంత్రం నాలుగున్నరకే కిటికీలు మూసి పరదాలు దించడం, తలుపు కింద సందుకి పాత చీర చుట్టి అడ్డం పెట్టడం, పాత ఇళ్ల వెంటిలేటర్ల మీంచి సూటిగా గాలి కొట్టకుండా మంచం జరపడం, ఇవి పైసా ఖర్చు లేనివి, వీటి తర్వాతే హీటరు గురించి ఆలోచించండి. పొగ, మంట వచ్చే వస్తువేదైనా గదిలో ఉంటే మాత్రం సందులు మూయొద్దు.

ఇప్పుడు మా ఇంట్లో అదే పాత గీజరు, 55 డిగ్రీలు, పొద్దున అయిదు నలభైకి స్విచ్చి వేసి చివరి స్నానం మొదలవగానే ఆపేస్తాం, నలుగురం వెంటవెంటనే కానిస్తాం, షవర్ ఆదివారం తలస్నానానికే. పెద్దాడికి మీటరు చూపించి లెక్క చెప్పాను, ఇప్పుడు నెల మధ్యలో రీడింగు రాసి పెట్టేది వాడే. ఈ డిసెంబరులో 186 వచ్చింది. అమ్మ దగ్గర బ్లోయర్ అటక మీదికి పోయింది. తొమ్మిదింటికి ఎలక్ట్రిక్ దుప్పటి వేస్తుంది, పదింటికి ఆపేసి, ఒంటికి పాత చీరల బొంత, దాని మీద గొంగడి కప్పుకుంటుంది. గొంగడి గరుకు మెడకి గుచ్చుకుంటుంది కాబట్టి బొంత అంచుని పైకి మడిచి గడ్డం కింద పెట్టుకుంటుంది, పొద్దున లేచేదాకా అటూఇటూ కదలడం లేదట.